పూలమూటకి జారుముడి

"ఆ తాడు ముట్టుకోవద్దు మేడమ్!"

వెన్నెల చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నిచ్చెన మీద నుంచి పీటీ సార్ నరసింహులు గుడ్లురిమి చూస్తున్నాడు.

"ముట్టుకుంటే కరుస్తాదా సార్?"

"కరవదు, ఊడుతాది. అది జారుముడి. రేపు పందెం గెలిచిన పాప ఒక్క లాగు లాగితే మూట విప్పుకొని అందరి మీదా పూలు పడల్ల. మా చిలమత్తూరులో గొర్రెల్ని కట్టేసేది ఈ ముడితోనే."

"నా పట్టు మూటకి గొర్రెల ముడా?"

"మీ ధర్మవరం ముడి వేస్తే దీపావళి వచ్చినా ఊడదు మేడమ్!"

చుట్టూ ఉన్న పిల్లలు కిసుక్కున నవ్వారు. వెన్నెల ముఖం ఎర్రబడింది.

ఆగస్టు పద్నాలుగు సాయంత్రం. పెనుకొండ కోట నీడలో ఉన్న ఆ చిన్న ప్రైవేటు బడి నిండా పని. పాత శుభలేఖలు కత్తిరించి, చీపురుపుల్లలకు గుచ్చి, గాలిపంకాలు చేస్తున్నారు పిల్లలు. కొబ్బరిచిప్పలకు తాళ్ళు కట్టి, వాటి మీద నిలబడి నడిచే పందేనికి సాధన చేస్తున్నారు. ధర్మవరంలో తన ఇంటి మగ్గాల దగ్గర మిగిలిన పట్టుపోగులతో వెన్నెల మూడు రంగుల బ్యాడ్జీలు చేయించింది. అన్నింటికీ చివర పూలమూట. పట్టుముక్కలు కలిపి కుట్టి, నిండా కాగితపు పూరేకులు నింపి, వెదురుగడకు వేలాడదీసిన మూట.

పిల్లలు అటు తిరగ్గానే వెన్నెల గొంతు తగ్గించింది. 'మేడమ్', 'సార్' అక్కడితో ఆగిపోయాయి.

"రేపు మా నాయన వస్తాండాడు."

నరసింహులు నిచ్చెన మీద నుంచి జారిపడబోయాడు.

"ఈడికా?"

"ఆటలు చూడ్డానికి పిలిచినా. రేపే అడుగు. పగలు, అందరి ముందర. ఇంట్లో సంబంధాలు చూస్తాండారు. రేపు నోరు తెరవకపోతే ఇంక జన్మంతా నన్ను మేడమ్ అనే పిలుచుకో."

ఆమె గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. రాత్రి చినుకులు పడేలా ఉన్నాయని మూటను దించి వరండాలో పెట్టారు.

తెల్లారి జెండాకు తాళ్ళు సరిచేస్తుండగా మూటను మైదానంలోకి మోసుకొస్తోంది వెన్నెల. ఫోన్ మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"పాపా, బస్సెక్కినా. ఇంకో మాట. ఆదివారం హిందూపురం వాళ్ళు చూపులకి వస్తాండారు. సరేనని మాటిచ్చినా."

"మాటిచ్చేసినావా నాయనా? నన్ను అడగకనే?"

"వచ్చి మాట్లాడతాలే."

ఫోన్ ఆగిపోయింది. వెన్నెల కళ్ళు మసకబారాయి. మాట్లాడినంతసేపూ ఆమె వేళ్ళు ఊరుకోలేదు. మూట మూతి దగ్గరి తాడును పట్టుకొని ఏదో చేస్తూనే ఉన్నాయి. అది ఆమెకే తెలియదు.

మూటను మళ్ళీ గడకు వేలాడదీశారు. జెండా ఎగిరింది. మిఠాయిలు పంచారు. ఆటలు మొదలయ్యాయి. ముందు వరుసలో తెల్లపంచెలో వెన్నెల నాయన ఆదినారాయణ కూర్చున్నాడు. నరసింహులు ఈల వేసినప్పుడల్లా ఆయన వైపే చూశాడు. దగ్గరికి పోబోయాడు. వెనక్కి వచ్చాడు.

దూరం నుంచి వెన్నెల చూపు సూదిలా గుచ్చుకుంది.

కొబ్బరిచిప్పల పందెంలో ఈశ్వరి అనే పాప గెలిచింది. పూలమూట తాడు లాగే భాగ్యం ఆమెదే.

"లాగు ఈశ్వరీ!"

లాగింది. మూట ఊగింది. విచ్చుకోలేదు.

ఇంకోసారి. ఊహూ.

"అందరం లాగుదాం రండ్రా!" పిల్లలంతా తాడుకు వేలాడారు. వెదురుగడ కిర్రుమంది. వంగింది. గడ మొదలు దగ్గర మట్టి పెళ్ళగిలింది.

"తాడు వదలండి! పక్కకి పోండి!"

నరసింహులు అరుస్తూ పరుగెత్తాడు. పిల్లల తలల మీదికి కూలుతున్న గడకు భుజం అడ్డం పెట్టాడు. మోకాళ్ళు నేలకు తాకాయి. పిల్లలు చెల్లాచెదురయ్యారు. వాళ్ళలో ఎవరికీ దెబ్బ తగలలేదు. మూట మాత్రం దుమ్ములో పడింది, నోరు విప్పకుండానే.

అతని తెల్లచొక్కా భుజం దగ్గర చిరిగి, నెత్తురుతో ఎర్రబడింది.

హెడ్మిస్ట్రెస్ సరస్వతమ్మ పరుగున వచ్చింది. "ఈ ముడి ఎవరేసినారు?"

వెన్నెల ముందుకు నడిచింది. భయమే కోపమై బయటికి వచ్చింది. "నరసింహులు సారే మేడమ్! జారుముడి అన్నారు. నన్ను ముట్టుకోవద్దని కూడా అన్నారు!"

నరసింహులు వంగి ముడిని చూశాడు. తరువాత ఆమెను చూశాడు.

"అవును మేడమ్. నేనే వేసినా."

"పిల్లోళ్ళ తలలు పగిలింటే? రేపట్నుంచి నువ్వు బడికి రావద్దు!"

అతను తలదించుకున్నాడు. ఉద్యోగం పోయినవాడికి ఎవరు పిల్లనిస్తారు? వెన్నెల పెదవి కొరుక్కుంది. ఇంతేనా? అంతా అయిపోయిందా?

"ఉండండమ్మా," అన్నాడు ఆదినారాయణ.

మెల్లగా వచ్చి మూట పక్కన కూర్చున్నాడు. ముడిని వేళ్ళతో తడిమాడు.

"ఏమప్పా, ఇది నువ్వే వేసినావా?"

"అవును సార్."

"అట్లనా? ఇంకోసారి వేసి చూపీ."

ఒక తాడుముక్క అందించాడు. నరసింహులు తప్పించుకోలేకపోయాడు. వేళ్ళు అలవాటుగా ఒక మెలిక తిప్పాయి. ఆదినారాయణ చిటికెనవేలితో కొస లాగాడు. ముడి సర్రున ఊడిపోయింది.

"ఇది నీ ముడి, గొర్రెల్ని కట్టేసేది. మరి అది? మగ్గం మీద తెగిన పోగును కలిపే ముడి అది. లాగేకొద్దీ బిగుస్తాది. మా నేతగాళ్ళు తప్ప ఎవరూ వేయరు." ఆయన తలెత్తాడు. "నీకు నేర్పిచ్చింది నేనే కదా పాపా?"

వెన్నెల తన వేళ్ళను చూసుకుంది. వేరెవరి వేళ్ళో చూస్తున్నట్టు.

"నాయనా... పొద్దున నువ్వు ఫోన్లో ఆదివారం హిందూపురం వాళ్ళొస్తారన్నప్పుడు తాడు నా చేతిలోనే ఉండింది." సరస్వతమ్మ వైపు తిరిగింది. "తప్పు నాది మేడమ్. సార్ మీద అరిచింది కూడా తప్పే."

ఆదినారాయణ నరసింహులు వైపు తిరిగాడు. "చూడగానే నీకు తెలిసిపోయింది. ఎందుకు చెప్పలా?"

"చెప్తే వెన్నెల మేడమ్ ఉద్యోగం పోతాదని."

"నీది పోతే?"

నరసింహులు తలెత్తి ఆయనను సూటిగా చూశాడు.

"పోతే ఇంకోటి చూసుకుంటా సార్. ఆదివారం హిందూపురం వాళ్ళొస్తే మాత్రం తట్టుకోలేను. వెన్నెలను నాకియ్యండి."

గాలిపంకాలు గిర్రున తిరుగుతున్న చప్పుడు ఒక్కటే. ఆదినారాయణ కూతురి ముఖం చూశాడు. ఆమె తల దించలేదు.

"తాతా," ఈశ్వరి ఆయన పంచె లాగింది. "పూలు ఎప్పుడు పడతాయి?"

ఆయన నవ్వాడు. ముడిని లాగలేదు. గోటితో రెండు వైపులా ఒత్తి, పోగు సడలించి, విప్పదీశాడు. నరసింహులు మళ్ళీ జారుముడి వేశాడు. గడను లోతుగా పాతారు. ఈశ్వరి లాగింది.

పూరేకుల వాన! పిల్లల కేరింతలతో కోట గోడ మారుమోగింది.

"రేపు టైముకి రా నరసింహులూ," అంది సరస్వతమ్మ, జుట్టులోంచి కాగితాలు ఏరుకుంటూ. "రానంటే ఊరుకోను."

ఆదినారాయణ ఫోన్ తీశాడు.

"హిందూపురమా? ఆదివారం రావద్దండీ. ఏమనుకోవద్దు. పాపకి ఈడే కుదిరింది."

వెన్నెల రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి ఒక కన్ను నరసింహుల్నే చూస్తోంది.

"ఒక్క మాటప్పా," అన్నాడు ఆదినారాయణ గొంతు గట్టిగా చేసుకొని. "పెళ్ళిలో మూడు ముళ్ళు వేసేటప్పుడు ఆ గొర్రెల ముడి మాత్రం వేయొద్దు."

"మీ ముడి నాకు రాదు కదా," అన్నాడు నరసింహులు. "నేర్పియ్యండి మామా."