వాల్వ్ మూశావా?

"గుండూ..."

షట్టర్ సగం దించిన మా ఆయన చేతులు అక్కడే ఆగిపోయాయట.

"గుండూ... వాల్వ్ మూశావా?"

ఇంట్లో పెద్దవాళ్ళు పిలిచే ముద్దుపేరుతో గుసగుస. వెనక గదిలోంచి. ఎప్పుడో తాళం వేసేసిన గదిలోంచి...

మా ఆయనది ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే దుకాణం. దాని వెనక గదికి నేను కాపురానికి రాకముందు నుంచే చెడ్డపేరు. వాళ్ళ తాత ఆ గదిలోనే, వాక్యూమ్ పంపు పక్కన కుర్చీలో, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. ఎవరో వెళ్ళి చూసేసరికి మనిషి చల్లబడిపోయి ఉన్నాడు — పంపు మాత్రం తిరుగుతూనే ఉంది.

గ్యాస్ నింపే ముందు గొట్టాల్లోని గాలినీ తేమనీ పీల్చేసే యంత్రం అది. దాన్ని నేను చూడకముందే విన్నాను. పెళ్ళి కుదిరిన కొత్తలో ఫోన్ చేస్తే, మా ఆయన మాట వెనక గళగళమంటూ దాని మోత ఉండేది. ఒకసారి "నీ మాట వినపడట్లేదు, ఉండు" అన్నాడు. అంతే — మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నా పేరు పెట్టి పిలిచాడు. నా కోసం లోకాన్నే ఆపేశాడనుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

ఈమధ్య చీకటి పడ్డాక ఆ వెనక సందులోంచి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. మొదట ఎవరో గొంతు పుక్కిలిస్తున్నట్టు... తర్వాత టక్... టక్... టక్... ఆ తర్వాత ఉన్నట్టుండి, మునిగి తేలినవాడు పీల్చినట్టు ఒక్క పెద్ద ఊపిరి. తలుపు కిందనుంచి తెల్లటి పొగ.

ఎదురు కొట్టు టైలర్ బాబాయి మాత్రం, పైలోకంలో కూడా ఫ్రిజ్‌లు పాడయ్యాయేమోరా, మీ తాత సామాన్ల కోసం వచ్చుంటాడని ఎగతాళి చేశాడు. చేశాడే గానీ, ఆ మర్నాటి నుంచి వెలుగుండగానే కొట్టు కట్టేస్తున్నాడు.

మా ఇంట్లో దెయ్యం కన్నా పెద్ద దిగులు ఇంకొకటుంది. అది మా మామగారు.

మా పెళ్ళికి ముందు తండ్రీకొడుకులు కలిసి ఒక పూలకొట్టు కోల్డ్ రూము బాగుచేశారు. వారం తిరక్కుండా దాని కంప్రెసర్ బిగుసుకుపోయింది. విప్పి చూస్తే లోపల పంపు నూనె. వాల్వ్ మూయకుండా స్విచ్ ఆపితే, గొట్టాల్లోని ఖాళీ ఆ పాత పంపులోని నూనెని వెనక్కి లాగేసుకుంటుందట. బుట్టలకొద్దీ గులాబీలు నల్లబడిపోయాయి. చేతులు వణికే ముసలాయనకి పని ఎవడిమ్మన్నాడని పూలకొట్టాయన నడివీధిలో కేకలేశాడు.

మామగారు ఆ పంపుని వెనక గదిలో పెట్టి తాళం వేసేశారు. ఇంటికొచ్చి పనిముట్ల సంచి అటక ఎక్కించేశారు. మళ్ళీ స్పానర్ ముట్టుకోలేదు. కొడుకుని నోరారా పిలవడం కూడా మానేశారు. అన్నం తిని, అలా గాలికి తిరిగొస్తానమ్మా అని వెళ్ళేవారు. మనిషి కళ్ళముందే కరిగిపోతున్నారు. ఆ సంగతి ఎత్తితే చాలు, మా ఆయన కంచం తోసేసి లేచిపోయేవాడు.

"వాల్వ్ మూశావా?" అని అడగడం తాత పెట్టిన పద్ధతట. పంపు ఆపేముందు ఒకరు అడగాలి, ఒకరు చూసి చెప్పాలి. అప్పుడే స్విచ్ మీద చెయ్యి వేయాలి.

గుసగుస విన్న ఆ రాత్రి మా ఆయన ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. జరిగిందంతా నాకు చెప్పాడు. చెప్పి —

"తాతకి తెలిసిపోయింది," అన్నాడు.

ఏం తెలిసిందని అడిగితే మాట మార్చేశాడు. రేపే ఆ పంపుని పాతసామాన్లవాడికి ఇచ్చేసి, గదికి గోడ కట్టించేస్తానన్నాడు. నాకు దెయ్యాలంటే భయమే. కానీ పోయినా మనవణ్ణి మరిచిపోలేని ఆ తాత మీద జాలేసింది. మనం వెళ్దాం, మూశాను తాతా అని ఒక్క మాట చెప్పెయ్, ఆయన ఆత్మ శాంతిస్తుంది అన్నాను.

అప్పుడు నా వైపు చూసిన చూపు... నాకేమీ అర్థం కాలేదు.

మర్నాడు చీకటి పడగానే వెళ్ళాం. సందులో నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంకెప్పుడైనా అయితే మురిసిపోయేదాన్ని. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

తలుపు కింద పొగ. లోపల టక్... టక్... తాళం తీసి ఉంది. కొక్కేనికి వేలాడుతోంది.

ఉన్నట్టుండి టక్‌టక్‌మనడం ఆగింది. ఊపిరి — హుఁ...

నేను కళ్ళు మూసుకునే తలుపు తోశాను.

కళ్ళు తెరిచేసరికి చిన్న బల్బు. దాని కింద తెల్లజుట్టు, వంగిన వీపు. పంపు అడుగునుంచి గిన్నెలోకి పాలలాంటిది ధారగా కారుతోంది.

ఆ మనిషి తిరిగి చూశాడు.

మా మామగారు.

దొంగతనంగా తింటూ దొరికిన పిల్లాడిలా తలదించుకున్నారు. పక్కన బల్ల మీద సీసాలు. ఒకదాంట్లో నూనె మజ్జిగలా, ఒకదాంట్లో కాస్త పలచగా, చివరిదాంట్లో తేనెలా.

"దీని నూనెకి తేమ పట్టేసిందమ్మా," అన్నారు నాతో, మెల్లిగా. "రోజూ కాసేపు తిప్పి, వేడెక్కి నూనె పొగ వచ్చాక ఆపి, లోపలికి గాలి వదిలి, పాత నూనె వంచేస్తున్నా."

అడుగు మర బిగించి, కొత్త నూనె పోశారు. నూనె మట్టం చూపే అద్దంలో గీత దగ్గర సరిగ్గా ఆపారు. చెయ్యి ఇంత కూడా వణకలేదు. ఖాళీ సిలిండర్‌కి గొట్టం తగిలించి పంపు వేశారు.

నా గుండెల మీంచి దెయ్యం దిగిపోయింది. నవ్వు కూడా వచ్చింది. మా ఆయన మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు.

"తప్పు దీనిదేమోనని ఆశపడ్డానురా," అన్నారు మామగారు, పంపు మీద చెయ్యేసి. "విప్పాను, కడిగాను, బిగించాను. దీంట్లో ఏ లోపమూ లేదు. అంటే నాదే. ఆ రోజు నిన్ను అడిగానో లేదో... రోజూ ఇక్కడ నిలబడి ఆ మాట పైకి అని చూస్తున్నా. గుర్తు రావట్లేదురా గుండూ. నా బుర్రే పోయింది."

మా ఆయన నా చెయ్యి వదిలేశాడు. పంపు దగ్గరికి వెళ్ళాడు. వంగి, తన చేత్తో వాల్వ్ మూశాడు. అప్పుడు స్విచ్ ఆపాడు.

మోత ఆగిపోయింది...

ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. అంతకుముందు ఒకసారి విన్నాను — ఫోన్లో.

"అడిగావు నాన్నా," అన్నాడు. "మూశానన్నాను. మూయలేదు. అప్పుడు ఫోన్లో దీని మాట వినపడట్లేదని స్విచ్ ఆపేశాను."