అవ్వ ఎముకల మాత్ర

"సౌందర్యా, బేగ రా! ఆట మొదలుపెడతాండాం!"

వీధిలోంచి హిమబిందు కేక వినగానే సౌందర్య కాళ్లు ఆగలేదు. అవ్వ నోట్లో మాత్ర వేసి, గ్లాసు అడుగున మిగిలిన రెండు గుక్కల నీళ్లు తాగించింది.

"నడుము లాగుతాండాది పాపా. కాసేపు పండుకుందునా?" అడిగింది అవ్వ.

"పండుకో అవ్వా!" అంటూనే సౌందర్య పరుగెత్తింది.

ఆర్నెల్ల కిందట అవ్వ నాగలక్ష్మమ్మ పొలం గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇక మంచం దిగదనుకున్నారంతా. అవ్వ మాత్రం పళ్లు బిగబట్టి, వాకర్ పట్టుకుని, మళ్లీ నడక నేర్చుకుంది. "మా అవ్వంత గట్టిమనిషి మా తెక్కలకోట ఊర్లోనే లేదు" అని సౌందర్య బడిలో గొప్పగా చెప్పుకునేది.

కానీ ఎముకలు గుల్లబారాయట. మళ్లీ విరగకుండా వారానికొక మాత్ర వేసుకోవాలని బళ్లారి డాక్టరమ్మ చెప్పింది. "పరగడుపున, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. అరగంట దాకా ఏమీ తినకూడదు, పడుకోకూడదు." అప్పుడు పక్కనే ఉన్న సౌందర్య, "నేనిస్తా" అని మాటిచ్చింది. అందుకే ఈ ఆదివారం అమ్మ ధైర్యంగా నాట్లకు వెళ్లింది.

ఆట ముగించి వచ్చేసరికి అవ్వ గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. అప్పుడే అమ్మ కూడా వచ్చింది.

"ఏమైంది అత్తా?"

"రొమ్ములో మంటగా ఉండాది. నాదే తప్పులే, మాత్ర మింగి పండుకున్నా."

సౌందర్య అవ్వ పక్కన చతికిలబడింది. తనను ఒక్క మాట అనలేదు అవ్వ!

"కాదుమా. నేనే పండుకోమన్నా. నీళ్లు కూడా రెండు గుక్కలే ఇచ్చినా" అంది ఏడుస్తూ.

అమ్మ డాక్టరమ్మకు ఫోన్ చేసింది. మాత్ర గొంతు కింద ఆగి ఒరుసుకుపోయి ఉంటుందని, నీళ్లు తాగించి నిటారుగా కూర్చోబెట్టమని, తగ్గకపోతే వెంటనే తీసుకురమ్మని చెప్పిందామె. మధ్యాహ్నానికి మంట తగ్గింది.

"ఇంక ఆ మాత్ర వేసుకోవా అవ్వా?" భయంగా అడిగింది సౌందర్య.

"యాల వేసుకోను? డాక్టరమ్మ సరే అంటే వేసుకుంటా. మళ్లా నువ్వే ఇయ్యాలి."

డాక్టరమ్మ సరేనంది. తర్వాతి ఆదివారం సౌందర్య అందరికంటే ముందు లేచింది. అవ్వ నిండు గ్లాసు నీళ్లతో మాత్ర మింగి, కుర్చీలో నిటారుగా కూర్చుంది.

అంతలో పక్కింటి హొన్నమ్మ పొగలు కక్కే కాఫీతో వచ్చింది.

సౌందర్య గడపలో రెండు చేతులూ బారచాపి నిలబడింది.

"ఇప్పుడొద్దు పెద్దమ్మా! మా అవ్వ మాత్ర వేసుకుండాది. అరగంటాగి నేనే వచ్చి పిలుస్తా."