తొమ్మిది ఆదివారాల ఇంజను

“ఈ పలకలు ఎవరు తుడిచినారు?”

వరండాలో మోకాళ్ల మీద కూర్చున్న ముజాహిద్ తలెత్తాడు. గుమ్మంలో కూరగాయల సంచితో ఫిర్దౌస్. ఆ ఇంటి పెద్దాయన బుడే సాహెబ్ మనవరాలు.

“నేనే. దుమ్ము పట్టినాయని...”

“దుమ్ము కాదు, నా రాత! ఏ వాల్వు ఎక్కడిదో అంతా చాక్‌పీసుతో రాసిపెట్టినా. ఇంక ఎట్ల బిగిస్తారు?”

“మెకానిక్కును మేడం. చూసి చెప్తా.”

“ఎవరికి? ఇంజనుకా?”

కుర్చీలో ఉన్న బుడే సాహెబ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

మార్కాపురంలో ఒక పలకల వ్యాపారి దగ్గర ముప్పై ఏళ్లు ఫియట్ నడిపాడాయన. వ్యాపారి ముసలితనంలో ఆ కారు ఆయనకే ఇచ్చేశాడు. నిరుడు ఇంజను తనే విప్పాడు గానీ, తిరిగి బిగించేలోపు చేతులు వణకడం మొదలైంది. కాలేజీ ల్యాబులో పనిచేసే ఫిర్దౌస్ ఒక్కో భాగం పక్కన ఒక్కో పలక పెట్టి గుర్తులు రాసింది. గిద్దలూరులో కార్లు బాగుచేసే షెడ్డులో పనిచేసే ముజాహిద్ ఆదివారాలు వచ్చి బిగిస్తానన్నాడు. పాత ఇంజన్లంటే అతనికి పిచ్చి.

ఆ రోజంతా అరుగుదల చూసి వాల్వుల జాడ పట్టాడు.

“ఇది మూడోదని ఎట్ల తెలిసింది?” అంది ఫిర్దౌస్, కోపం పూర్తిగా పోకుండానే.

వాల్వు ఆమె అరచేతిలో పెట్టాడు. “ఈ అంచు చూడండి. ఇన్నేళ్లు ఒకే చోట కూచున్నది. వేరే చోట ఇమడదు.”

ఆమె అంచు చూసింది. అతను ఆమెను చూశాడు.

ఆ తర్వాత ప్రతి వారం, శనివారం నుంచే ఆమె వరండా ఊడ్చడం మొదలుపెట్టేది. సోమవారం ల్యాబులో వేళ్లకు మిగిలిన గ్రీజు వాసన కడుక్కోబుద్ధయ్యేది కాదు. అతనేమో బిగించిన బోల్టునే విప్పి మళ్లీ బిగించేవాడు.

“ఏందబ్బాయ్, ఆ బోల్టుతో సంసారమా?” అనేవాడు బుడే సాహెబ్.

ఇద్దరి మధ్య మాటలు మాత్రం “స్పానర్”, “ఇదిగో”, “టీ?”, “ఊ”. అంతే.

ఎనిమిదో ఆదివారం వీధిలోని మగవాళ్లంతా సాయం పట్టి ఇంజనును కారులోకి దించారు. వాళ్లు వెళ్లగానే వాన. తెరిచిన బానెట్ మీద టార్పాలిన్ చెరోవైపు పట్టుకుని నిలబడ్డారిద్దరూ.

“పూనాలో పని దొరికింది. పాత కార్ల వర్క్‌షాపు. ఒక సంవత్సరం. వచ్చే ఆదివారం తర్వాత గురువారం రైలు,” అన్నాడు ముజాహిద్.

“మంచిదే కదా.”

“మంచిదే.”

“ఇంకేమన్నా చెప్పాల్నా?”

అతను టార్పాలిన్ అంచును ఇంకాస్త కిందికి లాగాడు. “కార్బరేటర్ పెడితే అయిపోతాది.”

తొమ్మిదో ఆదివారం ఇంజను దగ్గింది, పొగ వదిలింది, గుడగుడమని అందుకుంది. వీధంతా చప్పట్లు. బుడే సాహెబ్ కళ్లు తుడుచుకున్నాడు. ఫిర్దౌస్ టీ పెడతానని లోపలికి వెళ్లి, స్టవ్ వెలిగించకుండానే నిలబడిపోయింది. ఇంకొక్క వారం ఆ ఇంజను పలకకుండా ఉంటే ఏం పోయేది?

బుధవారం పొద్దున ఆమె సెలవు పెట్టింది.

“తాతా, గిద్దలూరు పోదామా?”

“ట్రయలా?”

“ఆ. ట్రయలే.”

బుడే సాహెబ్ ఆమె మొహం చూసి టోపీ పెట్టుకున్నాడు. ఆమె నడిపింది. కంభం దగ్గర ఆపి రేడియేటర్‌కు నీళ్లు పోశారు.

గిద్దలూరులో ముజాహిద్ తల్లి, బుడే సాహెబ్‌ను ఎప్పటినుంచో ఎరిగిన దిల్షాద్ బేగం తలుపు తీసింది. “ఏంది మామా, కారు చెడిపోయిందా?”

ఆ మాట విని, లోపల ప్రయాణానికి బట్టలు సర్దుతున్న ముజాహిద్ సగం మడిచిన చొక్కా చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చి బానెట్ మీద చెయ్యి వేశాడు. “ఏం సౌండ్ వస్తాంది?”

“ఏ సౌండూ లేదు. కారు బాగానే ఉంది.” అంది ఫిర్దౌస్. “నాకే బాగలేదు. ఆదివారం నుంచి.”

బానెట్ కాలుతున్నా అతను చెయ్యి తీయలేదు.

“నాకు తొలి ఆదివారం నుంచే,” అన్నాడు.

దిల్షాద్ బేగం ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పెదవుల మీదికి వచ్చిన నవ్వును కొంగుతో కప్పుకుంది. “లోపలికి రా మామా. మనం మాట్లాడుకునేది చానా ఉంది.”

పెద్దవాళ్లు లోపలికి వెళ్లారు.

“పూనా మానుకుంటా,” అన్నాడు ముజాహిద్.

“వద్దు. పోయి నేర్చుకుని రాండి. నేను యాడికీ పోను.”

“ఏడాదంటే చానా రోజులు.”

“నాకు తెలీదా?”

ఆమె అతని చేతిలోంచి చొక్కా తీసుకుంది. కాలరు సర్ది, చేతులు లోపలికి మడిచి, ముడత లేకుండా నిమిరింది. ఇవ్వాలని చెయ్యి చాచి, ఇవ్వలేక, ఇంకాసేపు గుండెకు ఆనించుకుని పట్టుకుంది.