మంచుపలకలకు కుంకుమ

కడలి పట్టి యొకతె కలుముల నొసఁగగా
మంచుకొండ కూన మనలఁ గావ
ఇరువురమ్మలార! యీ కథ వినువారి
యిల్లు నిండ నిల్చి యేలరమ్మ!

కోట అనే ఊరికి తూర్పున, కడలి అంచున ఉన్న పల్లె అది. పందొమ్మిదివందల అరవై నాలుగులో గంగులయ్య కాశ్మీరులో సైన్యపు కొలువు నుండి సెలవుపై అక్కడికి వచ్చినప్పుడు, అతని భుజాన రెండు పొడవాటి పలకలు ఉన్నాయి. మేనమామ కూతురు గురవమ్మ వాటిని చూసి నవ్వు దాచుకోలేదు.

"ఏం బావా, మిలిట్రీలో తెడ్లు గూడా ఇస్తారా?"

"తెడ్లు కాదే, స్కీలు! కాళ్లకు బిగించుకొని మంచుకొండ ఎక్కతాం. అడుగున ఈ తోలుపట్టీ ఉంటే వెనక్కి జారవు. శిఖరం మీద పట్టీ ఊడబీకి, జర్రున దిగతాం."

"మళ్లీ దిగేదానికేనా అంత ఎక్కేది? బలే తెలివి!"

వెక్కిరించింది గాని, ఎవరూ తొక్కని మంచు మీద తన జాడ ఒక్కటే వెంట వస్తుందని అతడు చెప్పినప్పుడు, వల అల్లుతున్న ఆమె వేళ్లు ఆగిపోయాయి.

ఆమె తండ్రి కామాక్షయ్య మాత్రం మండిపడ్డాడు. "కొండ మీదినుంచి దూకేవోడికి పిల్లనియ్యను. ఆ పని మాని నా పడవెక్కితేనే పెళ్లి."

"పిల్లను అడిగినాను గాని మామా, కొండను వదలతానని అనలేదే" అన్నాడు గంగులయ్య.

సెలవు ముగిసిన ఉదయం, ఊరి కుర్రకారు పందెం వేయగా, అతడు ఎత్తైన ఇసుకదిబ్బ ఎక్కి పలకలు కట్టాడు. ఊరంతా చేరింది. పొడి ఇసుకలో పలకలు కూరుకుపోయాయి, గంగులయ్య బోర్లాపడ్డాడు.

"ఇసకలోనే నిలవనోడు మంచులో నిలుస్తాడా?" అని కామాక్షయ్య గట్టిగా నవ్వాడు.

ఆ నవ్వు ఆగకముందే గురవమ్మ దిబ్బ ఎక్కింది. ఒక చేతిలో పడవ అడుగుకు పూసే చేపనూనె చిప్ప; మరొక చేతిలో తల్లి కుంకుమబరిణె. పలకల అడుగున నూనె పట్టించింది. తరువాత వాటి మొనలకు పసుపు రాసి, కుంకుమ పెట్టింది.

ఆ పల్లెలో పడవ మొనకు కుంకుమ పెట్టేది పడవవాని ఇల్లాలు ఒక్కతే. మరొక చేయి తగలరాదు.

"గురవా! ఏం చేస్తుండావో తెలుసునా?"

"తెలుసు నాయనా. తెల్లారితే నువ్వు అలల మీదికి పోతావు. అమ్మ బొట్టు పెట్టి పంపిందే గాని, పడవను కట్టేసిందా? బావ పడవలు ఇవే. కడలికి గాక కొండకు పోతాయి, అంతే!"

"నేనొద్దంటే?"

"ఈ చెయ్యి ఇంకో పడవకు బొట్టు పెట్టదు."

గంగులయ్య నోటిలో ఇంకా ఇసుకే ఉంది. "ముందుగా నన్నొక మాట అడగాల్సింది గదే!"

"అడిగితే కాదంటావా?"

"అనను."

"అయితే దిగు బావా, వాళ్లు చూడాల!"

అతడు దిగాడు. రెండు సన్నని చారలు గీస్తూ, గాలిని చీల్చుకొంటూ వచ్చి, సరిగ్గా కామాక్షయ్య పాదాల ముందు ఆగాడు. ఎవరూ నవ్వలేదు.

కామాక్షయ్య వంగి పలకల మొనలను చాలాసేపు చూశాడు. పిదప దిబ్బ మీది కూతురిని పిలిచాడు.

"కుంకం ఇసకకు చెరిగిపోయిందమ్మా. వచ్చి మళ్లా పెట్టు. గట్టిగా అద్దు, దూరం పోవాల."

ఈ కథ విన్నవారికి ఎక్కవలసిన కొండలు లొంగుగాక! దూరమేగినవారు క్షేమంగా ఇల్లు చేరుదురు గాక! వారికై తెరచిన కుంకుమబరిణె ఎల్లప్పుడూ నిండుగా ఉండుగాక!