ఉప్పు షావుకారి నుయ్యి

మా అరబ్బు రేవు ఏడెన్‌లో సీరా కోట దారి పట్టుకుని పోతుంటే ఉప్పు షావుకారి పాడుబడ్డ ఇల్లొకటి వస్తుంది. దాని మాటెత్తితే చాలు — తుఫానుకి జడవని మా జాలర్లు కూడా గప్‌చుప్! పెరట్లో నుయ్యి ఉంది చూశారూ, అది మంచిది కాదట. పగలే కాకి వాలదట.

అలాంటి నూతికి మా ఊరి నూరియా ఒంటరిగా వెళ్ళింది. అదీ రాత్రిపూట.

తొంభై నాలుగులో ఉత్తరాదికీ మా దక్షిణాదికీ యుద్ధం. ఉత్తరాది సేనలు ఊరి చుట్టూ దిగి నీళ్ళు రాకుండా కట్టేశాయి. మూడువైపులా సముద్రం — గొంతు తడుపుకుందామంటే చుక్క లేదు! మసీదు బావి దగ్గర వరసలో నిలబడితే, ఆ మధ్యాహ్నమే ఫిరంగి గుండు పడింది. నూరియా చెప్పులొకచోట, తనొకచోట... ఎలాగో ప్రాణాలతో ఇల్లు చేరింది. ఇంట్లో కూతురు ఇల్హామ్ పచ్చి బాలింత. జ్వరానికి పాలు ఎండిపోయాయి. పసిగుడ్డు ఏడవడం కూడా మానేసింది.

మా ఊళ్ళో ఓ పద్ధతి ఉంది. చీకటిపడ్డాక నూతిలో చేద వెయ్యాలంటే, అక్కడుండే జిన్నుల్ని, అంటే కంటికి కనబడని భూతాల్ని, సెలవడగాలి. జవాబు రాకపోతే సెలవిచ్చినట్టే. ఇన్ని తరాల్లో ఎవరికీ జవాబు రాలేదు మరి!

నూరియా గట్టు మీంచి వంగింది. "ఈ చోటి పెద్దలారా... సెలవిప్పించండి. నీళ్ళు తోడుకుంటాను."

తాడు చేతికి చుట్టుకుని చేద ఎత్తింది.

"వద్దు," అంది నుయ్యి.

చేతిలో తాడు జారబోయింది. ఇంకొకరైతే పరుగే! ఆమె కళ్ళలో మాత్రం పసిగుడ్డు మెదిలింది.

"మీకూ పిల్లలుంటారు కదయ్యా... కొడితే నన్ను కొట్టండి. ఒక్క చేద!"

"వద్దు పిన్నీ... తోడకు..."

పిన్నీ? నూరియా చెవులు రిక్కించింది. భయం దిగిపోయి, ఆ చోట్లోకి కోపం ఎక్కింది.

"ఓరి నీ మొహం మండ! మా ఏడెన్ జిన్నులకి ఉత్తరాది సనా కొండల యాస ఎప్పుడబ్బిందిరా? సిపాయివి కదూ?"

లోపల వెక్కిళ్ళు. "పారిపోయొచ్చాను పిన్నీ... కాల్చడం నా వల్ల కాలేదు. అరవకు. వీధి చివర మీ తుపాకులవాళ్ళున్నారు..."

"మా నీళ్ళు కట్టేసిందీ మీరే, ఇప్పుడు నూతిలో దూరి కాపలా కాసేదీ మీరేనా? నీ ఒక్కడి కోసం నా మనవణ్ణి చంపుకోనా?"

చేద విసిరింది. లాగింది. బరువుగా పైకొచ్చింది — నిండుగా నీళ్ళు! వెన్నెల్లో తళతళ. వారాల తర్వాత అన్ని నీళ్ళు చూసిన నూరియాకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముందు తన గొంతు తడుపుకుందామని దోసిలి పట్టింది.

"తాగకు!"

చెయ్యి ఆగిపోయింది.

"నా ఒక్కడి కోసం కాదు పిన్నీ. నూతి గోడ గూట్లో నేనూ నా తోటి సిపాయీ దాక్కున్నాం. వాడి కడుపులో తూటా. మొన్న నిద్దట్లో నీళ్ళలోకి జారాడు... ఇంకా కిందే ఉన్నాడు."

దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. నిండు చేద గట్టు మీద అలాగే ఉంది.

నూతిలోంచి మళ్ళీ అదే గొంతు... ఈసారి మరీ సన్నగా —

"పిన్నీ... నీ దగ్గర మంచినీళ్ళేమైనా ఉన్నాయా?"