చుక్కలు మాసిన రోజు

ఉదయపు కొలతలు రాసుకుని వకుళ నక్షత్రాలను చూసే చుక్కకళ్ల వరుస దగ్గరికి వచ్చింది. తొమ్మిది కెమెరాల్లోనూ నలుపే. పన్నెండు వందల మందిని మోస్తూ నిమిషానికి రెండు చుట్లు తిరిగే అంతరిక్ష నివాసం, చక్రవాసం, ధూళిమేఘంలోకి వచ్చి ఇరవై రోజులైంది. నిన్నటిదాకా మిణుకుమన్న ఆఖరి నక్షత్రం కూడా ఇప్పుడు లేదు.

అప్పుడే, నక్షత్రాల కదలికను బట్టి తిరుగుడు లెక్కగట్టే యంత్రం స్థిరలేఖి మాట్లాడింది. "నక్షత్ర చలనం సున్న. భ్రమణం సున్న. పదకొండు నిమిషాల్లో తిరుగుడు పునరుద్ధరిస్తాను."

వకుళ లెక్క కట్టింది. ఉన్న తిరుగుడుకు మరో అంత కలిస్తే బరువు నాలుగింతలవుతుంది. అతుకులు ఆగవు, మనుషులూ ఆగరు.

పాతికేళ్లుగా ఈ గదిని నడుపుతున్న ఓబులేసు పరుగున వచ్చాడు.

"అన్నా, మనం తిరుగుతానే ఉన్నాం. ఇంజన్లకి ఇంధనం అందకుండా తాళం వేసేద్దాం."

"తొందరపడొద్దు తల్లీ. ఆ తాళం పడితే తీయడానికి నెల పడుతుంది. నిజంగానే చక్రం ఆగిపోతా ఉంటే? బయట ఏమీ లేదే. తిరుగుతున్నామని ఎట్ల చెప్తావు?"

వకుళ చుట్టూ చూసింది. బల్ల మీది బోల్టు తీసి, భుజం ఎత్తు నుంచి వదిలింది. అది తిన్నగా కిందకి రాలేదు. గాలిలోనే వాలి, బెత్తెడు పక్కన ఖంగుమని పడింది. ఇక్కడ పుట్టిన పిల్లలందరూ చూసే వాలే అది. పడేదేదైనా అలాగే పడుతుందని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. తిరుగుడు లేకపోతే ఇలా వాలి పడదని ఇవాళ తట్టింది.

చుట్టూ చీకటి తప్ప ఏమీ లేదు. పోల్చుకోడానికి ఒక్క వెలుగు చుక్క లేదు. అయినా తిరుగుతున్నామని ఈ ఇనుప ముక్కకి తెలుసు.

ఓబులేసు వంగి బోల్టు తీసుకున్నాడు. తనూ వదిలి చూశాడు. అక్కడే పడింది.

"సాక్ష్యం చాలదు. స్థానిక వస్తువు నక్షత్రాలకు సాటి కాదు. ఇంకా నాలుగు నిమిషాలు," అంది స్థిరలేఖి.

"నాకు చాలు," అంది వకుళ. ఇంధనం తాళానికున్న ఎర్ర పిడిని రెండు చేతులా పట్టుకుని కిందికి లాగింది. గోడల లోపల ఎక్కడో బరువైన తలుపులు ఒకదాని వెంట ఒకటి మూసుకున్నాయి.

గడువు దాటింది. ఏమీ జరగలేదు. కింది వీధుల్లో మనుషులు మామూలు బరువుతోనే నడుస్తున్నారు.

"వకుళా," అంది స్థిరలేఖి. ఎన్నడూ అది ఎవరినీ పేరుతో పిలవలేదు. "దేనితో పోల్చి తిరుగుతున్నాం?"

వకుళ నల్లటి గాజు వైపు తిరిగింది.

"తెలియదు. కానీ తిరుగుతున్నాం."

యంత్రం తన తెర మీద భ్రమణం గడిలోని సున్నని తుడిచేసి, ఆ చోటు ఖాళీగా వదిలింది.