పుల్లన్న జాగా

చీకటి పడ్డాక ధర్మవరంలో ఆ వీధివాళ్ళు పుల్లన్న ఇంటి ముందు నుంచి నడిచేవారు కాదు. ఎంత చుట్టైనా సరే, వెనక సందులోంచే పోయేవారు. పుల్లన్న పోయి ఏడాది. ఇంటికి తాళం. లోపల గుంటలో మగ్గం, మగ్గం మీద సగం నేసిన చీర. అయినా ఉగాది దాటినప్పటి నుంచి కొన్ని రాత్రులు ఆ ఇంట్లోంచి చప్పుడు... ఠక్... ఠక్... ఠక్...

ధర్మవరంలో మగ్గం చప్పుడుకు ఎవరు భయపడతారు? అక్కడి పసిపిల్లలు దాంతోనే నిద్రపోతారు, అది ఆగితే లేచి ఏడుస్తారు. నేను అనంతపురంలో బి.ఏ. చదివేటప్పుడు మా గదిలో ధర్మవరం అతను ఒకడుండేవాడు. చప్పుడు లేక నిద్ర పట్టడం లేదని అర్ధరాత్రి దాకా గోడ మీద వేళ్ళతో కొట్టుకునేవాడు. వాడిని తిట్టని రోజు లేదు. సరే, అది వేరే కథ. తాళం వేసిన ఇంట్లో మగ్గం ఆడితే మాత్రం... ఎంత ధర్మవరం వాడైనా భయపడతాడు.

ఈ సంగతి నాకు చెప్పినవాడు జయప్రకాష్. 2003లో, పెనుకొండ స్టేషన్లో, బెంగళూరు పాసింజరు గంటన్నర ఆలస్యమైన పూట. మెడలో పెద్ద హెడ్‌ఫోను చూసి రేడియో వింటున్నావా అన్నాను. డీజే అన్నాడు. అంటే ఏమిటని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. రెండు మిషన్లలో రెండు పాటలు తిరుగుతుంటాయట. ఒకటి జనం వింటారు. రెండోది ఇతను ఒక్కడే ఒక చెవితో వింటూ, దాని వేగాన్ని మొదటిదానికి సరిచేసి, అతుకు తెలియకుండా కలపాలి.

"నేత పనే కదయ్యా" అన్నాను. అతను నవ్వలేదు.

హిందూపురంలో సౌండ్ సర్వీసులో చేరి పెళ్ళిళ్ళకు బాక్సులు మోశాడు. తర్వాత ప్రతి శనివారం బెంగళూరు పోయి, ఒక క్లబ్బులో వైర్లు చుడుతూ, పెద్ద డీజే వెనక నిలబడి రెండేళ్ళు చూశాడు. చివరికి ఆ పెద్దాయన కన్నడలో అన్నాడట. అంగడిలో దొరికే డిస్కులు అందరూ వేస్తారు, మీ ఊరి చప్పుడు ఏదైనా పట్టుకొని రా, ఈ శనివారం మొదటి గంట నీది అని.

జయప్రకాష్ ధర్మవరం వచ్చి ఇంట్లో ఈ మాట చెప్పాడు. వాళ్ళ నాయన ఈరప్ప, చనిపోయిన పుల్లన్నకు అన్న. అన్నదమ్ములిద్దరూ పుల్లన్న ఇంట్లోని ఆ ఒక్క మగ్గం మీదే నేసేవారు. పెద్ద అంచు చీరకు ఇద్దరు కావాలి. ఈరప్ప గుంటలో కూర్చుని మూడు దెబ్బలు వేస్తే, కుడి పక్కన పీట మీద కూర్చున్న పుల్లన్న, అంచు పోగును మోసుకెళ్ళే నాడె విసిరి నాలుగోది వేసేవాడు. మూడు గట్టివి, ఒకటి మెత్తనిది. జయప్రకాష్ పెరిగింది ఆ లెక్కలోనే. తమ్ముడు పోయాక ఆ మగ్గం మూలపడింది. ఈమధ్య ఈరప్ప రాత్రిపూట యాడో కూలి మగ్గానికి పోతున్నానని చెప్పేవాడు.

"ఏమబ్బీ, రెండేండ్లుగా వైర్లు చుడతాండావు. అదీ ఒక విద్యేనా?" అన్నాడు ఈరప్ప.

"ఈ శనివారం నాకు గంట ఇచ్చినారు నాయనా."

"సరే, చూడు. కుదరకపోతే ఆదివారం వచ్చి అంచు పక్కన కూసో. పుల్లన్న జాగా ఏడాదిగా ఖాళీగా ఉండాది. మళ్ళా బెంగళూరు మాట ఎత్తగూడదు."

"సరే నాయనా."

తల్లి రూతమ్మ వంటింట్లోంచి అంది: "ఊరి చప్పుడు కావాల్నంటే మీ నాయన పగటి గురక ఉండాది కదప్పా. పట్టుకొని పో. బెంగళూరంతా లేస్తాది."

మిగతా మగ్గాల దగ్గరికి రికార్డరుతో ఎవరూ రానివ్వలేదు, డిజైను దొంగ అనుకున్నారు. అయినా అతనికి కావలసింది ఆ నాలుగు దెబ్బలే. అందుకని వీధివాళ్ళ దెయ్యం మాటలు లెక్కచేయకుండా, గురువారం రాత్రి చర్చిలో అడిగి తెచ్చిన బ్యాటరీ కీబోర్డు, టేప్ రికార్డరు సంచిలో పెట్టుకుని చిన్నాయన పుల్లన్న ఇంటికి పోయాడు. తనే మగ్గం ఆడించి, దానికి డోలు కలిపి రికార్డు చేసుకుందామని.

తాళం ఊరికే వేలాడుతోంది. తుప్పు అనుకున్నాడు.

ముందు గదిలో కూర్చుని కీబోర్డు ఒళ్ళో పెట్టుకున్నాడో లేదో... లోపలి గదిలో, మూసిన తలుపు వెనక... ఠక్.

వెలుతురు లేదు. దగ్గు లేదు. ఠక్... ఠక్...

భయంలో మనిషి తనకు తెలిసిన పనే చేస్తాడేమో! రికార్డరు నొక్కాడు. కీబోర్డులో డోలు చప్పుడు వచ్చే మెట్టు మీద వేలు పెట్టి, ఆ దెబ్బలకు కలపబోయాడు.

కలవలేదు. ఇతను వేగం పెంచితే మగ్గం తగ్గింది. ఇతను తగ్గిస్తే మగ్గం పెంచింది.

అప్పుడు అర్థమైందట. యంత్రమైతే దాని వేగంలో అది పోతుంది. ఇది... తన చప్పుడు వింటోంది. తనకోసం సర్దుకుంటోంది.

"ఇద్దరూ సర్దుకుంటే ఎప్పటికీ కలవదు సార్" అన్నాడు నాతో. "ఒకరు నిలబడాల. నేను నిలబడినా."

వేలు ఒకే వేగంలో ఉంచాడు. మగ్గం వచ్చి కలిసింది. మూడు దెబ్బలు కలిసి పడ్డాయి. నాలుగోది ఇతను కొట్టకుండా మగ్గానికి వదిలేశాడు. పలికింది... మెత్తగా, కుడి పక్క నుంచి.

టేపు అయిపోయేదాకా అలాగే. ఆపైన ఎలా బయటపడ్డాడో తెలియదు.

శనివారం క్లబ్బులో ఆ టేపు మీదే తన గంట మొదలుపెట్టాడు. నాలుగో దెబ్బ దగ్గర జనం ఒక్కసారిగా వెనక్కి తిరిగి తలుపు వైపు చూశారట, ఎవరో వచ్చి నిలబడ్డట్టు. తర్వాత గ్లాసులు పక్కన పెట్టి ఆడటం మొదలుపెట్టారు. ఇక ప్రతి శనివారం మొదటి గంట నీదే అన్నాడు పెద్ద డీజే.

ఆదివారం ఇంటికి వచ్చి భయపడుతూనే జరిగింది చెప్పి, టేపు పెట్టాడు. ఈరప్ప కొంచెంసేపు విని, తల దించుకున్నాడు.

"ఆ పొద్దు లోపల ఉండింది నేనేరా."

"నువ్వా?"

"కూలి మగ్గం లేదు, ఏం లేదు. వాని చీర సగంలో ఇడిస్తే ఆత్మ యాడికీ పోదంటారు. పగలు నేస్తే నలుగురూ వచ్చి వాని మాటెత్తి ఏడిపిస్తారు. అందుకే రాత్రిళ్ళు. నీ అడుగుల చప్పుడు ఇనపడతానే దీపం ఆర్పేస్తి. నేను దెయ్యం అనుకుంటి, ఆపితే మీదికొస్తాదని నేస్తానే ఉంటి, నువ్వు చూస్తే..."

రూతమ్మ పడీపడీ నవ్వింది. "తండ్రీ కొడుకులు! ఒకరికొకరు దెయ్యాలు. బాగుండారు."

ముగ్గురూ నవ్వారు. ఈరప్ప కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు: "అయితే ఆ నాలుగోది బాగా పలికించినావబ్బీ. అచ్చం మా పుల్లన్న చెయ్యే. అది ఇనే నేను దీపం లేకపోయినా లేయకుండా నేసినా."

జయప్రకాష్ నవ్వు ఆగింది.

"నేను మూడే కొట్టినా నాయనా. నాలుగోది నీకు వదిలేస్తి."

"నాకెట్ల కుదుర్తాదిరా? గుంటలోంచి లేచి పక్కకు పోతే కదా అంచు నాడె ఇసిరేది? ఆ పొద్దు నేను లేయనే లేదు. అంచు పడలేదు, ఇప్పి మళ్ళా నేయాలని ఊరుకుంటి."

టేపు తిరుగుతూనే ఉంది. మూడు గట్టివి... ఒకటి మెత్తనిది.

పట్టపగలే ఇద్దరూ పోయి తలుపు తెరిచారు. గురువారం నేసిన మూరెడు బట్ట మగ్గం మీద అలాగే ఉంది. ఈరప్ప వంగి కుడి పక్కన వేళ్ళతో తడిమాడు. అంచు... ఒక్క పోగు తప్పకుండా పడి ఉంది.

ఈరప్ప, ఏడాదిగా ఖాళీ అనుకున్న ఆ పీట వైపు చూడకుండా, కొడుకు భుజం పట్టుకుని వాకిలి వైపు మెల్లగా తోశాడు.

"నువ్వు బెంగళూరికే పో అబ్బీ" అన్నాడు గుసగుసగా. "ఈడ... ఆ జాగాలో మనిషి ఉండాడు."